రోగి పేరున పోగైన డబ్బు ఎవరిది?



కొన్నేళ్ళ క్రితం పట్టిసీమ రేవుకు దగ్గరలో ఉన్న ఒక బడి ఆవరణలో మేము కొందరం కలిసి చక్కెర వ్యాధి శిబిరం పెట్టాము. పట్నం నుండి ఇద్దరు డాక్టర్లు వచ్చారు. షామియానా వేశాము, కుర్చీలు వేశాము. చందా ఇచ్చిన సంస్థ పేరుతో పెద్ద బ్యానరు కట్టాము. పొద్దుటి నుండి మధ్యాహ్నం దాకా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, పడవ మీద అవతలి గట్టు నుండి వచ్చినవాళ్ళు వరుసలో నిలబడి వేలు పొడిపించుకున్నారు. షుగరు ఎంత ఉందో చీటీ మీద వ్రాసి ఇచ్చాము. అన్నం తగ్గించమని, నడవమని, చెప్పులు లేకుండా తిరగవద్దని చెప్పాము. చివర ఫోటో తీయించుకున్నాము.

సామాను సర్దుకుంటున్న వేళ ఒక పెద్దావిడ చీటీ చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కూలి పనికి వెళ్ళే మనిషి. నేను బడిపంతులుగా పనిచేశాను కనుక ఆ చుట్టుపక్కల అందరూ నన్ను మాస్టారనే పిలుస్తారు.

"మాస్టారండీ, నాకు షుగరుందని చెప్పడానికి ఇంతమంది వచ్చారు. మంచిదేనండి. రేపొద్దున వేసుకునే మాత్ర ఎవరిస్తారండీ?" అని అడిగింది.

ఆ రోజు నాలుగు రోజులకు సరిపడ మాత్రలు ఇచ్చాము. అయిదో రోజు సంగతి మేము ఆలోచించలేదు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళమని చెప్పాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. ఆసుపత్రికి వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి పోతుందని, ఆటో కిరాయి అదనమని నాకు తెలుసు. తెలిసే ఆ మాట చెప్పాను.

మరుసటి ఏడు మళ్ళీ శిబిరం పెట్టాము. ఆమె రాలేదు. కాలికి పుండు పడి ముదిరిందని, రెండు వేళ్ళు తీసివేశారని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. మాత్రలు ఇచ్చి ఉంటే ఆ వేళ్ళు తప్పక నిలిచేవని నేను చెప్పలేను. కాని ఆ మాట విన్నప్పటి నుండి ఒక ప్రశ్న నన్ను వదలలేదు. ఆ శిబిరం ఎవరి కోసం పెట్టాము? ఆ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో ఎవరు నిర్ణయించారు?

నిర్ణయించినది మేము ఏడుగురం. ఒక విశ్రాంత ఉద్యోగి, ఇద్దరు వ్యాపారులు, ఒక వకీలు, ఇద్దరు ఉపాధ్యాయులు, చందా ఇచ్చిన సంస్థ తరఫున ఒకరు. అందరూ మంచివాళ్ళే. ఒక్కరూ ఒక్క రూపాయి ముట్టుకోలేదు. అయితే మా ఏడుగురిలో చక్కెర వ్యాధి ఉన్నవారు ఒక్కరూ లేరు. శిబిరానికి వచ్చేవారిలో ఒక్కరినైనా పిలిచి, "మీకు ఏమి కావాలి?" అని మేము అడగలేదు. అడిగి ఉంటే ఆ పెద్దావిడ శిబిరం ముగిశాక అన్న మాటను శిబిరానికి నెల ముందే అని ఉండేది. షామియానాకు, బ్యానరుకు, భోజనాలకు అయిన ఖర్చు మాత్రలకు వెళ్ళి ఉండేది.

ఈ వారం మీతో పంచుకోదలచిన ప్రశ్న ఇదే. రోగుల పేరున ఒక సంఘం ఏర్పడి, రోగుల పేరున డబ్బు పోగైనప్పుడు ఆ సంఘం ఎవరిది? డబ్బు ఇచ్చిన దాతదా? చదువు, అనుభవం ఉన్న డాక్టరుదా? పగలూ రాత్రీ తిరిగి పనిచేసే కార్యకర్తదా? లేక రోగిదా? ఇది కేవలం ఆఫీసు వ్యవహారమని, నియమావళి వ్రాసుకునే గుమాస్తా చూసుకోవలసిన విషయమని మనలో చాలామంది అనుకుంటాము. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న అని ఇప్పుడు అనుకుంటున్నాను.

చక్కెర వ్యాధి చరిత్రలోనే ఈ ప్రశ్నకు కొన్ని జవాబులు ఉన్నాయి. కెనడా దేశంలోని టొరంటోలో 1921లో ఇన్సులిన్ కనుగొన్నారు. 1922 జనవరిలో మొదటిసారిగా ఒక పధ్నాలుగేళ్ళ కుర్రవాడికి ఆ మందు ఎక్కించారు. అంతకు ముందు ఆ రకం షుగరు వచ్చిన పిల్లలు బతకడమనేది దాదాపు లేదు. అలాంటి మందు మీద హక్కు చేతిలో ఉంటే ఎంత సంపాదించవచ్చునో ఊహించండి. బాంటింగ్, బెస్ట్, కాలిప్ అనే ముగ్గురు 1923లో తమ పేటెంటు హక్కును తలా ఒక్క డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. విశ్వవిద్యాలయం ఆ హక్కును చూసుకోవడానికి ఒక కమిటీని నియమించింది. మందు నాణ్యంగా తయారు కావడం, ఏ ఒక్క కంపెనీ గుప్పిట్లోనో చిక్కుకోకుండా చూడడం ఆ కమిటీ పని. ముగ్గురి త్యాగం గొప్పది, దానిలో సందేహం లేదు. ఆ త్యాగాన్ని కాపాడడానికి ఒక కమిటీ, కొన్ని నియమాలు అవసరమయ్యాయన్నది కూడా మనం గుర్తుంచుకోవలసిన సంగతి.

మందు వచ్చిన తరువాత అది పేదవాడికి అందడమెలాగ అనే ప్రశ్న వచ్చింది. పోర్చుగల్ దేశంలో ఎర్నెస్తో రోమా అనే డాక్టరు 1926లో లిస్బన్ నగరంలో పేద మధుమేహ రోగుల రక్షణ కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. ప్రపంచంలో ఇటువంటి సంఘాలలో అదే మొదటిదని చెబుతారు. కొనుక్కోలేని వారికి ఇన్సులిన్ ఉచితంగా ఇవ్వడంతో ఆ సంఘం పని మొదలైంది. అంటే ఆ సంఘం మొట్టమొదట పట్టించుకున్నది రేపటి మందు సంగతినే.

ఇంగ్లండు కథ మరొక రకం. రాబిన్ లారెన్స్ అనే యువ డాక్టరుకు షుగరు వచ్చింది. ఇక ఎంతో కాలం బతకనని నిశ్చయించుకుని ఇటలీకి వెళ్ళి అక్కడ పనిచేసుకుంటున్నారు. 1923లో ఇన్సులిన్ దొరుకుతున్నదన్న కబురు అందగానే లండనుకు తిరిగి వచ్చారు, ఆ మందుతో 1968 దాకా జీవించారు. ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నవారిలో హెచ్.జి. వెల్స్ అనే ప్రసిద్ధ రచయిత ఒకరు. వీరిద్దరూ కలిసి 1934లో డయాబెటిక్ అసోసియేషన్ ప్రారంభించారు. అదే తరువాత బ్రిటిష్ డయాబెటిక్ అసోసియేషన్ అయింది, 2000 నుండి డయాబెటిస్ యు.కె. అనే పేరుతో నడుస్తున్నది. దానిని మొదలుపెట్టిన ఇద్దరూ షుగరు రోగులే. ఒకరు డాక్టరైన రోగి, మరొకరు రచయిత అయిన రోగి. రోగులు, డాక్టర్లు ఒకే బల్ల చుట్టూ కూర్చునే అలవాటు ఆ సంఘానికి పుట్టుక నుండే వచ్చింది.

మన దేశంలో డయాబెటిక్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1955లో బొంబాయిలో ఏర్పడింది. దాని స్థాపకులు డాక్టర్ ఎస్.ఎస్. అజ్గాఁవ్‌కర్. 1972లో ఆర్.ఎస్.ఎస్.డి.ఐ. అనే పొట్టి పేరుతో పిలిచే మరొక సంస్థ వచ్చింది. అది మధుమేహం మీద పరిశోధన కోసం డాక్టర్లు, శాస్త్రజ్ఞులు ఏర్పరచుకున్న సంఘం. ఈ రెండు రకాలనూ విడివిడిగా చూడాలి. డాక్టర్లు తమ విద్యను పెంచుకోవడానికి పెట్టుకున్న సంఘంలో డాక్టర్లే సభ్యులుగా ఉండడం సహజమే. రోగుల క్షేమం కోసమని చెప్పి ప్రజల దగ్గర చందాలు పోగుచేసే సంఘంలో కూడా డాక్టర్లు, దాతలు మాత్రమే ఉంటే అది వేరే సంగతి. పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది అవుతుంది.

ఇటువంటి సంఘం ఎలా నిర్మితమవుతుందో పాఠకులు తెలుసుకోవడం మంచిది. మన రాష్ట్రంలో 2001లో వచ్చిన సంఘాల నమోదు చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కలిస్తే ఒక సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చును. సంఘం ఆశయమేమిటో, నియమాలేమిటో కాగితం మీద పెట్టాలి. సభ్యులందరినీ కలిపి సర్వసభ్య మండలి అంటారు. అది కార్యవర్గాన్ని ఎన్నుకుంటుంది. కార్యవర్గంలో అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, లెక్కలు తనిఖీ చేయించి సభ్యుల ముందు పెట్టాలి, కార్యవర్గంలో ఎవరెవరున్నారో రిజిస్ట్రారుకు తెలియజేయాలి. విదేశాల నుండి డబ్బు వస్తే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం వర్తిస్తుంది. 2020లో ఆ చట్టాన్ని సవరించి, ఆ డబ్బులో ఆఫీసు ఖర్చులు నూటికి ఇరవై రూపాయలు దాటరాదని కట్టడి చేశారు. అంతకు ముందు ఏబై దాకా అనుమతి ఉండేది.

వీటన్నిటి వెనుక ఒకే ఆలోచన ఉన్నది. సంఘం డబ్బు సంఘంలోని వ్యక్తులది కాదు. 1860 నాటి పాత సంఘాల చట్టంలోనే, సంఘాన్ని మూసివేసినప్పుడు అప్పులు పోగా మిగిలిన ఆస్తిని సభ్యులు తమలో తాము పంచుకోరాదన్న నియమం ఉన్నది. దానిని అటువంటి మరొక సంఘానికే ఇవ్వాలి. దాత ఇచ్చిన క్షణం నుండి ఆ డబ్బు దాతది కాదు. పుచ్చుకున్న కార్యదర్శిదీ కాదు. ఎవరి పేరు చెప్పి అడిగామో వారి కోసం మన దగ్గర దాచిన సొమ్ము అది. పరాయివాని సొమ్మును భద్రపరచేవాడు అడగక ముందే లెక్క చెప్పడం మన ఊళ్ళలో మర్యాద.

అయితే చట్టం ఒక్క విషయం చెప్పదు. ఆ ఏడుగురు ఎవరై ఉండాలో అది చెప్పదు. రోగి ఒక్కరైనా ఉండాలని చట్టంలో లేదు. ఆ ఖాళీని మన మనస్సాక్షి పూరించాలి.

గోదావరి వాళ్ళకు ఈ సంగతి కాలువ నీటితో పోల్చి చెబితే తేలికగా అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుండి చాలా కాలం కాలువ నీరు ఎప్పుడు, ఎంత వదలాలో అధికారులే నిర్ణయించేవారు. 1997లో మన రాష్ట్రంలో రైతులే నీటి వినియోగదారుల సంఘాలను ఎన్నుకునే చట్టం వచ్చింది. ఆయకట్టును భాగాలుగా విడదీసి ఒక్కొక్క భాగం నుండి ఒక ప్రతినిధిని ఎన్నుకునే ఏర్పాటు అందులో ఉన్నది. ఎందుకంటే తూముకు దగ్గర ఉన్న రైతుకు శివారు రైతు కష్టం తెలియదు. తెలిసినా తన పొలం తడిసిన తరువాతనే గుర్తుకు వస్తుంది. శివారు రైతు కమిటీలో కూర్చుంటే నీరు తప్పకుండా వస్తుందని కాదు. రాకపోతే ఎందుకు రాలేదో అడిగే మనిషి ఒకరు అక్కడ ఉంటారు. ఆ సంఘాలన్నీ చక్కగా నడిచాయని నేను అనను. కాని నీరు ఎవరి పొలానికి రావాలో వారికి నీటి మీద మాట ఉండాలన్న సూత్రాన్ని ఎవరూ కాదనలేదు. మా శిబిరానికి వచ్చిన పెద్దావిడ కాలువ చివరి రైతు వంటిది. మేము ఏడుగురమూ తూము దగ్గర వాళ్ళము.

దీనికి కొన్ని అభ్యంతరాలు చెప్పేవారున్నారు. అవి కొట్టిపారేయదగినవి కావు.

మొదటిది, రోగికి వైద్యం తెలియదు కదా, అతడు కమిటీలో ఏమి చెబుతాడు అన్నది. నిజమే, ఏ మందు ఎంత వేయాలో డాక్టరే చెప్పాలి. ఆ విషయంలో ఓట్లు వేసి తేల్చకూడదు. కాని డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి, శిబిరం ఏ రోజున పెట్టాలి, మందు ఎక్కడ దొరికేటట్టు చూడాలి అన్నవి వైద్య విద్యతో తేలే ప్రశ్నలు కావు. ఇంట్లో ఫ్రిజ్ లేని మనిషి ఇన్సులిన్ సీసాను తడిపిన మట్టికుండలో పెట్టి ఎలా చల్లగా ఉంచుకుంటుందో, కరెంటు పోయిన వేసవి రాత్రి ఆమెకు ఎంత భయమో ఆమెకే తెలుసు. పెళ్ళిభోజనంలో పక్కవాళ్ళ ముందు "నాకు షుగరండీ" అని చెప్పలేక తీపి తినివేసే కుర్రవాడి సిగ్గు అతడికే తెలుసు. షుగరు జబ్బు రోజూ మనిషి వెంటే ఉండే జబ్బు. డాక్టరు నెలకు పది నిమిషాలు చూస్తాడు. మిగిలిన రోజులన్నీ రోగి తనకు తానే చూసుకోవాలి. ఆ రోజుల అనుభవం కూడా ఒక విద్యే.

రెండవ అభ్యంతరం, రోగి కమిటీలోకి వస్తే తన లాభమే చూసుకుంటాడు అన్నది. ఇది కూడా జరగవచ్చును. ఇన్సులిన్ సీసాలు వచ్చినప్పుడు తన బంధువులకు ముందు ఇప్పించుకోవచ్చును. అయితే ఈ బలహీనత రోగికి ఒక్కడికే ఉన్నదా? దాతకు తన పేరు బ్యానరు మీద కనబడాలని ఉంటుంది. డాక్టరుకు శిబిరానికి వచ్చినవారు తరువాత తన ఆసుపత్రికి రావాలని ఉండవచ్చును. మందుల కంపెనీకి తన మందు పేరు అందరి నోట వినబడాలని ఉంటుంది. నాబోటి బడిపంతులుకు నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవాలని ఉంటుంది. ఎవరి లాభం వారికి ఉన్నది కనుకనే ఒక్క రకం మనుష్యుల చేతిలో సంఘాన్ని పెట్టరాదు. తనకు సంబంధించిన విషయం చర్చకు వచ్చినప్పుడు ఆ సభ్యుడు ముందే ఆ సంగతి చెప్పి లేచి బయటికి వెళ్ళాలన్న నియమం అందుకే. పదవికి కాలపరిమితి ఉండాలన్నదీ అందుకే. ఇరవై ఏళ్ళుగా ఒకే మనిషి కార్యదర్శిగా ఉన్న సంఘంలో ఆ మనిషి ఎంత మంచివాడైనా, అతడి ఇష్టానికీ సంఘం ఇష్టానికీ మధ్య గీత చెరిగిపోతుంది.

ఇన్సులిన్ విషయంలో కంపెనీల సంగతి మరికొంత చెప్పాలి. హక్కును ఒక్క డాలరుకు ఇచ్చివేసిన ఆ మందు వ్యాపారం నేడు ప్రపంచంలో చాలా వరకు మూడు పెద్ద కంపెనీల చేతిలో ఉన్నది. చక్కెర వ్యాధి సంఘాలకు మందుల కంపెనీలు విరాళాలు ఇవ్వడం అనేక దేశాలలో ఉన్నదే. ఆ డబ్బు పుచ్చుకోవచ్చునా? పుచ్చుకోకపోతే కొందరు పిల్లలకు మందు అందదు. పుచ్చుకుంటే, రేపు ఆ కంపెనీ ధర పెంచినప్పుడు రోగుల పక్షాన గట్టిగా మాట్లాడే నోరు కొంత తగ్గవచ్చును. అందరికీ సరిపోయే జవాబు నా దగ్గర లేదు. కాని పుచ్చుకున్న ప్రతి రూపాయినీ, ఇచ్చినవారి పేరునూ సభ్యులందరికీ తెలియజేయాలి. ఏ ఒక్కరి డబ్బు ఆగిపోతే సంఘమే ఆగిపోతుందో అంతటి మొత్తం ఆ ఒక్కరి దగ్గర నుండి పుచ్చుకోకూడదు. ఈ రెండు విషయాలలో రాజీ పడరాదని నా అభిప్రాయం.

మూడవ అభ్యంతరం మనసుకు దగ్గరగా తగిలేది. మంచి మనసుతో పనిచేసేవారిని లెక్కలు అడగడం అవమానం కాదా? నిస్స్వార్థంగా తిరిగేవాడిని రసీదు చూపమనడం నమ్మకం లేకపోవడం కాదా? మా కోశాధికారి ఒకసారి ఈ మాటే అని కోపంతో సమావేశం నుండి లేచి వెళ్ళిపోయారు. ఆయన ఎంత నిజాయితీపరుడో మాకు తెలుసు. కాని ఊళ్ళో కొందరు అప్పటికే గుసగుసలాడుతున్నారు. లెక్క గోడకు అంటించి ఉంటే ఆ గుసగుస పుట్టేదే కాదు. లెక్క అడగడం దొంగను పట్టడానికే అనుకుంటాము. మంచివాణ్ణి అనుమానం నుండి కాపాడేది కూడా లెక్కేనని ఆయనకు మేము ముందుగా చెప్పలేకపోయాము.

తొలి క్రైస్తవ సంఘం కూడా ఈ ఇబ్బంది పడిందని మన పాఠకులకు గుర్తు చేయనవసరం లేదు. అపోస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో, ప్రతి దినం జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే వారి విధవరాండ్రకు లోపం జరుగుతున్నదని సణుగుడు బయలుదేరింది. అపోస్తలులు ఆ సణుగుడును అవిశ్వాసమని అణచలేదు. ఏడుగురిని ఎన్నుకోమని సమూహంతోనే చెప్పారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కావడం గమనించదగ్గది. లోపం ఎవరికి జరిగిందో వారివైపు వారికే పంపకం అప్పగించారని పండితులు కొందరు చెబుతారు. పునీత పౌలు కూడా యెరూషలేము పేదల కోసం పోగుచేసిన పెద్ద మొత్తాన్ని తానొక్కడే పట్టుకుని వెళ్ళలేదు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంటబెట్టుకున్నాడు. ఆ సొమ్ము విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలన్నది ఆయన జాగ్రత్త. అపోస్తలుడికి అవమానం కానిది మన కోశాధికారికి అవమానం ఎలా అవుతుంది?

ఇక జాతీయ స్థాయి సంఘాల సంగతి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని లెక్క ప్రకారం మన దేశంలో పది కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉన్నది. మరి 13 కోట్లకు పైగా మంది దాని అంచున ఉన్నారు. ఇంత పెద్ద జబ్బుకు ఊరి సంఘాలు చాలవు. ప్రభుత్వంతో మాట్లాడడానికి, మందు ధర గురించి అడగడానికి, పరిశోధనకు పెద్ద సంఘాలు కావాలి. ప్రపంచంలోని ఇటువంటి సంఘాలు కలిసి 1950లో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. బాంటింగ్ పుట్టిన రోజైన నవంబరు 14ను ప్రపంచ మధుమేహ దినంగా 1991 నుండి జరుపుతున్నది ఆ సమాఖ్య, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసే. 2006లో ఐక్యరాజ్య సమితి కూడా దానిని ఆమోదించింది. చిన్న సంఘాలు ఒక్కటై అడగడం వలన జరిగిన పని అది.

సంఘం పెద్దదయిన కొద్దీ రోగికి దూరమయ్యే ప్రమాదం కూడా ఉన్నది. చందా ఊరిలో పోగవుతుంది, నిర్ణయం నగరంలో జరుగుతుంది. పట్టిసీమ దగ్గర 2015లో ఎత్తిపోతల పథకం పెట్టి, 24 పంపులతో గోదావరి నీటిని కృష్ణా వైపు పంపే ఏర్పాటు చేశారు. రేవులో నిలబడిన మనిషికి ఆ నీరు ఏ పొలానికి చేరుతుందో కనబడదు. అలాగే పెద్ద సంఘానికి ఇచ్చిన మన పది రూపాయలు ఎటు వెళ్ళాయో మనకు కనబడవు. అందుకే పెద్ద సంఘంలో ఊరి శాఖలకు కేంద్ర మండలిలో ప్రతినిధులు ఉండాలి. కేంద్రం ఖర్చుల పట్టిక శాఖలకు చేరాలి. ప్రతినిధులను పంపని శాఖ చందా వసూలు చేసే కిటికీగా మిగిలిపోతుంది.

మరొక మాట. ధర్మసంస్థ ఎంత బాగా నడిచినా అది ప్రభుత్వం చేయవలసిన పనికి బదులు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుండి 104 వాహనాలు పల్లెలకు వచ్చి బి.పి., షుగరు మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఎంతమంది పేదలకు ఊరట కలిగిందో మనం చూశాము. ఒక్కొక్కసారి మన చందాతో పది మందికి మాత్రలు కొనడం కన్న, బండి రాని ఊరికి బండి రప్పించమని అర్జీ పెట్టడం ఎక్కువ మేలు చేస్తుంది. ఆ సంగతి కూడా బండి కోసం ఎదురుచూసే రోగే మనకు చెప్పగలడు.

మా చిన్న సంఘం సంగతి చెప్పి ముగిస్తాను. మూడో ఏడు మేము ఏడుగురం తొమ్మిది మందిమయ్యాము. కొత్తగా వచ్చిన ఇద్దరూ షుగరు ఉన్నవారే. ఒకరు ఆటో నడిపే మనిషి, ఇన్సులిన్ వేసుకుంటాడు. ఇంకొకరు కూలికి వెళ్ళే స్త్రీ. సమావేశం సాయంకాలం ఏడు గంటలకు మార్చవలసి వచ్చింది, పగలు పెడితే వాళ్ళ కూలి పోతుంది. మొదటి రెండు సమావేశాల్లో ఆమె నోరు విప్పలేదు. మేము కుర్చీలలో కూర్చుని ఇంగ్లీషు మాటలు కలిపి మాట్లాడుతుంటే ఎవరైనా ఏమి మాట్లాడతారు? మూడోసారి ఆమె అడిగిన ప్రశ్న, "ఈ బ్యానరు ఎంతయిందండీ?" అని. ఎంతయిందో చెప్పాము. ఆమె వేళ్ళ మీద లెక్క వేసి, అది ఎన్ని నెలల మాత్రలో చెప్పింది.

ఆ ఏడు బ్యానరు లేదు. చందా ఇచ్చిన సంస్థ తన పేరు కనబడనందున మరుసటి ఏడు డబ్బు ఇవ్వడం మానుకున్నది. మా దగ్గర డబ్బు సగానికి తగ్గింది. కొందరు సభ్యులు ఇదంతా నా వలననే జరిగిందని ఇప్పటికీ అంటారు. వారి మాటలో నిజం లేకపోలేదు. శిబిరానికి ముందులా రెండు వందల మంది రావడం లేదు. ముప్పై మందికి మాత్రం నెల నెలా మాత్రలు అందుతున్నాయి, వాళ్ళ కాళ్ళు ఎవరో ఒకరు చూస్తున్నారు. రెండు వందల మందికి ఒక రోజు మంచిదా, ముప్పై మందికి ఏడాది పొడుగునా మంచిదా అని మేము ఇంకా వాదించుకుంటూనే ఉన్నాము. ఇప్పుడు ఆ వాదనలో రోగులు కూడా ఉన్నారు. ఇదే మాకు వచ్చిన మార్పు.

వేళ్ళు పోయిన ఆ పెద్దావిడ దగ్గరికి నేను వెళ్ళాను. తప్పు ఒప్పుకోవాలని వెళ్ళాను గాని మాట రాలేదు. ఆమే మజ్జిగ ఇచ్చి, "మీ కమిటీలో మా వాడకట్టు పిల్లను కూర్చోబెట్టారంట కదండీ" అంది. అవునన్నాను. "దాన్ని మాట్లాడనివ్వండి మాస్టారండీ. అది కొంచెం మొహమాటస్తురాలు" అంది.

మీ విచారణలోనూ ఎవరో ఒకరు రసీదు పుస్తకం పట్టుకుని రోగుల కోసం, అనాథల కోసం, వృద్ధుల కోసం చందా అడగడానికి వస్తారు. ఇవ్వండి, ఇవ్వవద్దని నేను చెప్పను. ఇచ్చేటప్పుడు మర్యాదగా మూడు మాటలు అడగండి. లెక్కలు ఎప్పుడు, ఎక్కడ చూపుతారు? మీ కమిటీలో పదవి ఎన్నేళ్ళకు మారుతుంది? ఎవరి కోసం ఈ చందా వసూలు చేస్తున్నారో వారిలో ఒక్కరైనా మీ కమిటీలో ఉన్నారా? మూడో ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేకపోతే, చందాతో పాటు మీ వీధిలోని ఒక రోగి పేరు కూడా వ్రాసి ఇవ్వండి.